మొదలు తెలియనిదే కదలని రామ్‌దాస్ సారు

రామ్‌దాస్ సారుకు ఏదైనా సరే మొదటినుంచి కావాలి. మధ్యలో అందుకున్న సంగతి ఆయన లెక్కలో సంగతే కాదు. బోధన్ శక్కర్, అంటే చక్కెర ఫ్యాక్టరీలో ల్యాబు ఆయనది. అందులో నేను అప్రెంటిస్‌గా చేరిన మొదటి వారంలోనే ఆయన కుర్చీ కిందికి పాము దూరింది. "సారూ, కుర్చీ కింద పాము," అన్నాను. ఆయన కాళ్లు పైకి తీసుకోలేదు. కళ్లజోడు పైకి తోసుకుని, "ఎటుదిక్కు నుంచి వచ్చింది?" అని అడిగారు. తలుపు దిక్కు నుంచి అన్నాను. "తలుపు ఎవరు తెరిచిండ్రు?" అన్నారు. ఈ విచారణ సాగుతుండగా పాముకే విసుగు పుట్టి వెళ్లిపోయింది.

ఒకసారి కడుపునొప్పి వస్తే నిజామాబాద్ తీసుకెళ్లాను. డాక్టరు, పాపం, అందరినీ అడిగినట్టే అడిగాడు, నొప్పి ఎప్పటి నుంచి అని. "డెబ్బై నాలుగుల మేము రెంజల్‌ల ఉంటుంటిమి," అని సారు మొదలుపెట్టారు. డాక్టరు మధ్యలో లేచి ఇద్దరు పేషెంట్లను చూసి వచ్చేసరికి కథ ఎనభై రెండు దాకా వచ్చింది. చివరికి తేలిందేమిటంటే నొప్పి ముందురోజు తిన్న మిరపకాయ బజ్జీలది.

ఆయన భార్య భాగ్యలక్ష్మమ్మ ఈ విషయంలో ఎప్పుడో చేతులెత్తేసింది. "మా ఇంట్ల కొట్లాట షురూ అయితది గని ఖతం కాదు రాజశేఖర్," అని నాతో చెప్పుకునేది. "నాకు కోపమొచ్చి ఒక మాట అంటనా, 'ఆగు, ఏడికెళ్లి వచ్చింది ఈ మాట, మొదటినుంచి చెప్పు' అంటడు. మొదటినుంచి చెప్పుకుంట వస్తుంటె నా కోపం ఏమాయెనో నాకే యాదికుండది."

ఫ్యాక్టరీ మూతపడి పదేళ్లు. నాకప్పటికి రెండేళ్ల సర్వీసు కూడా లేదు. ముప్పై ఏళ్లు చేసినవాళ్లు ఆ గేటు ముందు ఎలా నిలబడ్డారో చూశాను, అంతకంటే చెప్పలేను. ఒకరు ఆటో కొన్నారు, ఒకరు వాచ్‌మన్ అయ్యారు, పని చేతిలో ఉన్నవాళ్లు మహారాష్ట్ర ఫ్యాక్టరీలకు సీజన్ పనికి పోయారు. రామ్‌దాస్ సారు బోధన్ బస్టాండు వెనక కంప్యూటర్ల రిపేరు షాపు పెట్టారు. నేను నిజామాబాద్‌లో ఒక కాలేజీలో పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్పుకుంటున్నాను.

విడిపోయిన మనుషులు ఫొటోలతో కలుసుకుంటారు. పాత ఉద్యోగులంతా ఇంటర్నెట్‌లో ఏదో ఉచితంగా ఇచ్చే చోట తమ ఫొటోలు, ఐడీ కార్డులు, స్పోర్ట్స్ డే కప్పులు, క్వార్టర్ల ముందు నిలబడ్డ పిల్లల బొమ్మలు పెట్టుకున్నారు. మూడేళ్లు బాగానే నడిచింది. ఒకరోజు ఆ సైటు వాళ్లు దుకాణం కట్టేశారు. మాకు చెప్పినవాడు లేడు. మూడేళ్లుగా పోగేసినవన్నీ పోయాయి. ఆ రెండు రోజులూ సారు షాపు తెరవలేదు. ఫ్యాక్టరీ రెండోసారి మూతపడ్డట్టు అనిపించింది అందరికీ.

మూడో రోజు ఆయనే నా కాలేజీకి వచ్చారు. "ఒక్కకాడ పెట్టుడే తప్పు రాజూ. అందరి ఇండ్లల్ల అన్నీ ఉండాలె. ఒక ఇల్లు బందైతే ఇంకో ఇంట్ల ఉండాలె," అన్నారు.

అలా పుట్టింది శక్కర్ డబ్బా. ప్రోగ్రాం నేను రాశాను. పాత కంప్యూటర్లు ఆయన బాగుచేశారు. ముప్పై ఒక్క ఇళ్లలో ముప్పై ఒక్క కంప్యూటర్లు. అన్నిటికీ పెద్ద అంటూ ఒకటి లేదు. ఒకదాన్నొకటి అడిగి తీసుకుంటాయి, అడిగితే ఇస్తాయి. ప్రతి ఫొటోకూ, రికార్డు చేసిన ప్రతి గొంతుకూ ఒక నంబరు, ఒక ముద్ర. ఆ ముద్రలో దాని ముందుదాని ముద్ర కలిసి ఉంటుంది, గొలుసులో ఒక కొండికి ఇంకో కొండి తగిలించినట్టు. మధ్యలో ఎవరైనా ఏదైనా మార్చినా తీసేసినా గొలుసు తెగిందని అన్ని ఇళ్లలోనూ తెలిసిపోతుంది.

ఇందులో ఒక చిక్కుంది. కొత్త ఇల్లు చేరినప్పుడు ఆ కంప్యూటర్ మొదటి నంబరు దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్కటే తెచ్చుకుని, ముద్ర సరిచూసుకుని, చివరిదాకా రావాలి. దానికి రోజులు పడతాయి. పైగా మా మొదటి నంబరు ఒక దున్నపోతు. ప్రోగ్రాం నడుస్తుందో లేదో చూద్దామని చెరుకు బండి పక్కన నిలబడ్డ దున్నపోతు ఫొటో ఒకటి పెట్టాను. నడిచింది. తర్వాత తీసేద్దామంటే గొలుసు తెగుతుంది. అందుకని ఇంటిల్లిపాదీ కొత్త కంప్యూటర్ ముందు భక్తిగా కూర్చుంటే అందరికీ ముందుగా దున్నపోతు దర్శనమిస్తుంది.

"సారూ, కొత్తవాళ్లకు ముందు ఈ నెల ఫొటోలు చూపిద్దాం. పాతవి ఎనక మెల్లగా వస్తుంటయి. పది నిమిషాల్ల షురూ చెయ్యచ్చు," అని నేను ఎన్నోసార్లు చెప్పాను. అలా చేసే ప్రోగ్రాం రాసి కూడా పెట్టాను.

"పెండ్లికి పోయి పెరుగన్నంతోని మొదలువెడ్తవా?" అన్నారు సారు.

ఈ ఆలస్యానికి సగం కారణం రాధాబాయి. ఆమె భర్త చెరుకు బండ్లు తూచే కాంటా దగ్గర గుమాస్తాగా చేసి పోయాడు. ఆయన మీద ప్రేమంతా ఆమె కంప్యూటర్‌కు ఇచ్చింది. ఎండాకాలం తడిబట్ట కప్పుతుంది, చలికాలం శాలువా. సాయంత్రం ఆరు కొట్టగానే ఆపేస్తుంది. "పొద్దుందాక పనిచేసింది, థకలా బిచారా," అంటుంది సగం మరాఠీలో, పాపం అలసిపోయిందని. అమావాస్య నాడు అసలు ముట్టుకోదు. ముప్పై ఒక్క ఇళ్లలో అన్నిటికంటే నెమ్మదైన ఇల్లు అదే, దాని వంతు వచ్చినప్పుడల్లా కొత్త ఇల్లు ఆగాల్సిందే.

పోయిన వేసవిలో మాక్లూరు నుంచి ఒక ఫోన్ వచ్చింది. భీమవ్వ. మా పోశన్న భార్య.

పోశన్న ఫ్యాక్టరీలో పాకం పట్టేవాడు. ముప్పై ఏళ్లు అదే పని. చక్కెర పలుకు ఎప్పుడు కడుతుందో రెండు వేళ్ల మధ్య రుద్ది చెప్పేసేవాడు. మా ల్యాబు లెక్క వచ్చేసరికి ఆయన చెప్పిందే అయ్యేది. మనిషి మాత్రం మూగమొద్దు. ఫ్యాక్టరీ పోయాక కొన్నాళ్లు భీమవ్వ ఊరైన మాక్లూరులో ఖాళీగా కూర్చుని, ఉండలేక లాతూరు అవతల ఫ్యాక్టరీలకు సీజన్ పనికి పోవడం మొదలుపెట్టాడు. మార్చిలో అక్కడే గుండె ఆగి పోయాడు. శవంతో పాటు బట్టల సంచి వచ్చింది. ఆయన సెల్‌ఫోన్ మాత్రం రాలేదు.

శక్కర్ డబ్బాలో పోశన్న గొంతు ఉందని ఎవరో ఆమెకు చెప్పారు. రెండేళ్ల కింద సారే రికార్డు చేశారు. ఆమె అడిగింది ఒక్కటే, "మా ఇంట్ల గూడ ఆ డబ్బా పెట్టుండ్రి సారూ. ఆయన మాట ఇంట."

ఇద్దరం కంప్యూటర్ తీసుకుని పోయాం. చిన్న ఇల్లు. భీమవ్వ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. సారు వైర్లన్నీ కలిపి, ఎదురుగా కింద కూర్చుని, ఎవరింట్లోనైనా అడిగేదే అడిగారు. "ఏమైంది అవ్వా? మొదటినుంచి చెప్పు."

నాకు సిగ్గేసింది. కొత్తగా మొగుడు పోయిన మనిషిని అడిగే మాటా అది? కానీ భీమవ్వ చేతులు ఆగాయి. పెళ్లి దగ్గర మొదలుపెట్టింది. పోశన్న అత్తగారింటికి మొదటిసారి వచ్చి మొత్తం మూడే మాటలు మాట్లాడింది, క్వార్టర్ దొరికింది, కూతురు శిరీష పుట్టింది, దాని పెళ్లయింది, అన్నీ చెప్పింది. నేను వాచీ చూసుకుంటూనే ఉన్నాను. మధ్యాహ్నం మూడింటికి కథ మార్చికి వచ్చింది.

"ఆ దినం ఫోన్ల లొల్లి అయింది సారూ. అరవై ఏండ్లు వస్తున్నయి, ఇగ సాలు, ఇంటికి రా అన్న. సీజన్ అయినంక వస్త అన్నడు. నీకు ఆ పాకమే పెండ్లాం, ఆడ్నే ఉండు అని పెట్టేసిన. తెల్లారి చేసిండు. ఎత్తలే. ఆ మర్నాడు గూడ చేసిండు, రెండుమాట్ల. ఎత్తలే. మూడోనాడు పొద్దుగాల ఎవరో వేరేటోళ్లు చేసిండ్రు."

ఆమె ఏడవలేదు. కింద పడ్డ తునికాకు తీసి చాటలో వేసుకుంది.

"నా మీద కోపంతోనే పోయిండు సారూ. ఒక్కసారి గొంతు ఇంటె, కోపముండెనో లేకుండెనో తెలుస్తదని."

ఆ రికార్డు రెండేళ్ల కిందిది. అందులో మార్చి నాటి కోపం ఎలా తెలుస్తుంది? ఆ మాట నా నోటిదాకా వచ్చి ఆగింది. నాకు తోచిన మేలు ఒకటే. మా ఇంటి కంప్యూటర్‌లో ఆ రికార్డు ఉంది, దాన్ని ఫోన్‌లోకి తెచ్చుకోవడం నిమిషం పని. "అవ్వా, నేను ఇప్పుడే," అంటుండగా సారు నా కాలు తొక్కారు. చేయి పట్టుకుని బయటికి తీసుకెళ్లారు.

"వద్దు రాజూ."

"ఎందుకు సారూ?"

"ఎనకా ముందు లేకుంట ఒక్క ముక్క ఇంటె ఏం తెలుస్తది? మొదటినుంచి రానీ."

"ఆమె మొగుని గొంతు సారూ అది. దానికి ఎనకాముందు ఎందుకు?"

"నడిమిట్ల చెయ్యి పెట్టకు."

"ఇది మీ ల్యాబు గాదు," అన్నాను. ఆయన్ను నేను అలా అనడం అదే మొదలు. ఆయన లోపలికి పోయి కంప్యూటర్ ముందు కూర్చున్నారు. తెర మీద దున్నపోతు వచ్చింది. నేను బస్సెక్కాను.

ఆ తర్వాత మేం మాట్లాడుకోలేదు. కానీ భీమవ్వ దగ్గర నా నంబరు ఉంది. ఆమెకు అక్షరాలు రావు, అంకెలు వస్తాయి. బీడీ కట్టలు లెక్కపెట్టే మనిషి. రోజూ సాయంత్రం ఫోన్ చేసి తెర మీది నంబరు చెప్పేది.

"నూటా పద్దెనిమిది అయింది బిడ్డా. ఆయనది ఎంత?"

"నాలుగువేల ఇరవై ఆరు అవ్వా."

"అట్లనా," అనేది. ఆ వెంటనే ఆ రోజు వచ్చిన ముచ్చట చెప్పేది. "ఇయ్యాల సారు వచ్చిండు. స్పోర్ట్స్ డే ఫొటోలు వచ్చినయి. ఈయన కబడ్డీ ఆడుతున్నడు. ముప్పై ఏండ్లు కాపురం చేసిన, ఈయనకు కబడ్డీ వస్తదని నాకు తెల్వనే తెల్వది." ఇంకోరోజు, "క్యాంటీన్ కాడ ఫొటో. అందరు ఇటు సూస్తుంటె ఈయన ఒక్కడు జిలేబీ దిక్కు సూస్తున్నడు. ఇంట్ల నాకు తీపి పడది అంటుండె, దొంగ." నవ్వు కూడా వినిపించింది. ఆ మాటలు వినడానికి నాకు బాగానే ఉండేది, కానీ కోపం పోలేదు. ఆమె అడిగింది గొంతు కదా, జిలేబీ కాదు కదా.

పదకొండో రోజు నుంచి ఆమె గొంతు మారింది. "సారు వస్తలేడు బిడ్డా. పని ఉంది, వస్త అన్నడు. ఫోన్ గూడ కలుస్తలేదు."

నేనూ చేశాను. అందుబాటులో లేదు. భాగ్యలక్ష్మమ్మను అడిగితే, "సంచిల రెండు జతల బట్టలు పెట్టుకొని పోయిండు. ఏడికి అంటె, మొదలు ధర్పల్లికి అన్నడు. మొదలు అన్నడంటె చివర ఏడికో దేవునికెరుక," అంది.

పదిహేనో రోజు భీమవ్వ చెప్పిన నంబరు పన్నెండు వందలు దాటలేదు. నాలుగువేల ఇరవై ఆరుకు ఇలాగైతే ఇంకో నెల పైమాటే. ఒక ముసలాయన పట్టుదల కోసం ఆ మనిషి రోజూ అంకెలు లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలా అనిపించింది. రికార్డును ఫోన్‌లో వేసుకుని కాలేజీకి సెలవు పెట్టి మాక్లూరు బయలుదేరాను.

ఇంతా చేసి ఆ రికార్డును నేనెప్పుడూ వినలేదు. నంబరు వేసి లోపల పెట్టానంతే. బస్సు దిగాక, వినిపించే ముందు ఒకసారి విందామని చెట్టుకింద నిలబడి చెవిలో పెట్టుకున్నాను.

ముప్పై ఎనిమిది సెకండ్లు. సారు గొంతు, "పోశన్నా, మొదటినుంచి చెప్పు." దగ్గు. "మొదటినుంచి అంటె ఏడికెళ్లి సారూ?" "పుట్టినకాడికెళ్లి." మళ్లీ దగ్గు. తర్వాత చిరాకుగా, "నన్ను ఇడువుండ్రి సారూ. నాకు మాటలు రావు. ఏమన్న ఖరాబైతే పిలువుండ్రి, బాగుచేస్త. ఆ బటన్ బంజెయ్యుండ్రి." కుర్చీ జరిగిన చప్పుడు. అంతే.

మళ్లీ విన్నాను. మూడోసారి కూడా విన్నాను. అందులో మంచి మాట ఒక్కటి దొరుకుతుందేమో అని. దొరకలేదు. కోపముందో లేదో తెలుసుకోవడానికి కాచుకున్న మనిషికి ఈ గొంతా వినిపించేది?

ఫోన్ జేబులో పెట్టుకుని లోపలికి వెళ్లాను. భీమవ్వ మంచినీళ్లిచ్చింది. ఏం చేయాలో తెలియక, ఎందుకింత నెమ్మదిగా ఉందో చూస్తానని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. సెట్టింగు తెరిచి చూస్తే ముప్పై ఒక్క ఇళ్లలో ముప్పై ఇళ్లను ఎవరో ఆపేసి ఉన్నారు. ఒక్క ఇంటి నుంచే తెచ్చుకోమని ఉంది. అది రాధాబాయి ఇల్లు.

ఆ మార్పు చేసిన సమయం కూడా అక్కడే ఉంది. మేం వచ్చిన మొదటి రోజు, మధ్యాహ్నం మూడు దాటి. అంటే భీమవ్వ చెప్పడం పూర్తయి, నేను అలిగి బస్సెక్కిన తర్వాత. మామూలుగా అయితే ఆ ఇంటికి అన్నీ వారంలో వచ్చేసేవి. మొదటినుంచి రావాలని నియమం పెట్టిన మనిషే, వచ్చేవాటిని రాధాబాయి తడిబట్ట కింద దాచిపెట్టాడు.

బయటికి వచ్చి మళ్లీ ఫోన్ చేశాను. ఈసారి కలిసింది. వెనకాల బస్సు చప్పుడు.

"ఎక్కడున్నరు సారూ?"

"మొదలు ధర్పల్లికి పోయిన," అని మొదలుపెట్టారు. నేను అడ్డం పడలేదు. జీవితంలో మొదటిసారి ఆయన కథను చివరిదాకా విన్నాను.

లాతూరు అవతల ఫ్యాక్టరీలో పోశన్నతో ఒకే గదిలో ఉన్నవాడు ధనుంజయ్. ధర్పల్లి మనిషి. వాడి పాత నంబరు పనిచేయడం లేదు. వాళ్లింట్లో అడిగితే ఫ్యాక్టరీ పేరు చెప్పారు. అక్కడికి పోతే సీజన్ అయిపోయింది, వేరే చోటికి పోయాడన్నారు. అక్కడినుంచి ఇంకో చోటికి. మూడు ఫ్యాక్టరీలు తిరిగి చివరికి ఒక బెల్లం గానుగ దగ్గర పట్టుకున్నారు. ఐదారు రోజులు పట్టిందంటే ఆశ్చర్యం లేదు. దారిలో ప్రతి వాచ్‌మన్‌నూ మొదటినుంచి చెప్పమనే ఉంటారు.

"నాకు చెప్తే ఏమైతుండె సారూ?" అన్నాను.

"దొరుకుతడో లేదో నాకే తెల్వదు. దొరికినా వాడేం చెప్తడో తెల్వదు. పోశన్న నిజంగనే కోపంతోని ఉండెననుకో, అప్పుడేం చెయ్యాలె? ముందుగాల ఆ ముప్పై ఎనిమిది సెకండ్లు ఇంటె ఆమెకు కోపమే ఇనవడ్తది. అది ఇంక చెవులకెళ్లి పోదు." బస్సు హారన్ మోగితే గొంతు పెంచారు. "రేపు పొద్దుగాల వస్త. నువ్వు గూడ రా. రాధాబాయి మీద కోపం చెయ్యకు, ఆమెకేం తెల్వదు."

మర్నాడు పదింటికి వచ్చారు. గడ్డం పెరిగి, చొక్కాకు బెల్లం మరకలతో ఉన్నారు. ముప్పై ఇళ్లకూ ఫోన్ చేసి కంప్యూటర్లు ఆన్ చేయించారు. ఆపినవన్నీ తెరిచారు. తెర మీద అంకెలు పరుగు పెట్టడం మొదలైంది. భీమవ్వ చాట పక్కన పెట్టి చూస్తూ కూర్చుంది. ఆ పరుగులోనూ అక్కడక్కడా పోశన్న కనబడుతూనే ఉన్నాడు, ఎప్పుడూ వరసలో చివర, ఎప్పుడూ ఎటో చూస్తూ. పొద్దు వాలేసరికి చివరిదాకా అన్నీ వచ్చాయి. సారు నాలుగువేల ఇరవై ఆరు నొక్కారు.

ముప్పై ఎనిమిది సెకండ్లూ ఆమె కదల్లేదు. అయిపోయాక, "గిదే. ఆయన మాట గిట్లనే ఉంటది," అంది. తర్వాత సారు మొహంలోకి చూసింది. "కోపంగనే ఉన్నడు గద సారూ."

"ఇంకొకటుంది అవ్వా," అన్నారు సారు. అన్నిటికంటే చివర, ఆ ఉదయమే చేర్చిన నంబరు నొక్కారు.

"అవ్వా, నేను ధనుంజయ్‌ని. పోశన్న బాపుతోని ఒక్క రూములనే ఉంటుంటి. ఆ దినం నువ్వు ఫోన్ పెట్టేసినంక బాపు నవ్విండు. ఏందే బాపు అంటె, మా ఇంటామె అలిగింది అన్నడు. తెల్లారి నన్ను పక్కకు కూసోవెట్టుకొని ఫోన్ చేసిండు. సూడు, ఎత్తది అన్నడు. ఎత్తలే. సూసినవా అన్నడు, పందెం గెలిచినట్టు. ఆమె రెండు దినాలు మాట్లాడది, మూడోనాడు తనే చేస్తది, అన్నం తిన్నవా అంటది, ఇగ అయిపోయినట్టే, పెండ్లైనకాడికెళ్లి ఇదే కత అన్నడు. రెండోనాడు పండుకునే ముందు ఫోన్‌కు చార్జింగ్ పెట్టిండు. రేపు ఆమె చేస్తది, బ్యాటరీ ఉండాలె అన్నడు. కోపం లేదవ్వా. నవ్వుకుంటనే పండుకున్నడు."

గదిలో టేబుల్ ఫ్యాన్ తిరుగుతోంది. భీమవ్వ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను నేల చూస్తూ కూర్చున్నాను.

"మూడోనాడు పొద్దుగాల నేనే చేద్దామని ఫోన్ చేతులకు తీసుకున్న సారూ," అంది చివరికి. "నొక్కెలోపట్నే మోగింది."

కొంగుతో మొహమంతా తుడుచుకుంది. మళ్లీ మాట్లాడినప్పుడు గొంతులో ఎక్కడో చిన్న బింకం వచ్చి చేరింది. "రెండు దినాలని ఎందుకు చెప్పిండు? శిరీష పుట్టిన యేడు ఐదు దినాలు మాట్లాడలే నేను. ఆయనకు అది యాదికే లేదు."

తర్వాత నా దిక్కు తిరిగి, ఆ పిలగాని నంబరు కలపమంది. సారు ఫోన్ తీసి కలిపి ఇచ్చాను. ఏడుస్తుందేమో, మొక్కుతుందేమో అనుకున్నాను. ఆమె గోడకు చేరగిలబడి కూర్చుని, కాళ్లు చాపుకుని, "ధనుంజయ్, నేను భీమవ్వను. ఆ రెండు దినాలు ఏం తిన్నడు ఆయన?" అని అడిగింది.

అవతల వాడు ఏదో చెప్పాడు.

"వంకాయనా? వంకాయ ఎందుకు పెట్టిండ్రు? ఆయనకు పడది. ఒళ్లంత దురదలు లేస్తయి."

వాడేదో సర్దిచెప్పబోయాడు. ఆమె వినేలా లేదు. కూరలో కారం ఎంత, పెరుగు ఉండెనా లేదా, ఎన్ని రొట్టెలు, ఎవరు చేసిండ్రు, ఒక్కొక్కటే అడుగుతోంది. వాడు ఒక్కొక్కటే జ్ఞాపకం చేసుకుంటున్నాడు. పోశన్న ఇంకా ఆ గదిలోనే ఉన్నట్టు, సాయంత్రం డబ్బా సర్ది పంపాలన్నట్టు ఉంది ఆ విచారణ.

మా రామ్‌దాస్ సారు మాత్రం ఈ సంభాషణ ఎక్కడ మొదలైందో వినలేదు. ఎన్ని బస్సుల అలసటో, కంప్యూటర్ ముందు కుర్చీలోనే తల వెనక్కి వాల్చి, నోరు తెరుచుకుని నిద్రపోతున్నారు. భీమవ్వ మాట్లాడుతూ మాట్లాడుతూ అటు చూసింది. లేచి ఫ్యాన్‌ను ఆయన వైపు తిప్పింది. ఫోన్‌కు చేయి అడ్డం పెట్టుకుంది.

"జర మెల్లగ చెప్పు బిడ్డా," అంది ధనుంజయ్‌తో. "సారు పండుకున్నడు."